పాత వ్యాను: దాని జబ్బులు, మన జేబులు

కురుడుమలె వినాయకుని గుడిముందు ఏ ఆదివారమైనా పొద్దున తొమ్మిది గంటల వేళ కాసేపు నిలుచుంటే మన ప్రాంతపు బండ్ల చరిత్ర అంతా కళ్ళముందు నడచిపోతుంది. పదమూడడుగులకు పైబడిన ఆ ఏకశిలామూర్తికి మ్రొక్కకుండా కొత్తపని ఏదీ మొదలుపెట్టరాదని ములబాగిలు, శ్రీనివాసపురం, కె.జి.ఎఫ్., అటు పలమనేరు దాకా మనవారికి వాడుక గదా. కొత్త కార్లు వస్తాయి, ట్రాక్టర్లు వస్తాయి, పూలదండలు వేసుకొని మోటారు సైకిళ్ళు వస్తాయి. వాటి నడుమ నెమ్మదిగా, ప్రక్కతలుపు కిర్రుమంటూ, ఒక మారుతి ఓమ్ని వ్యాను వచ్చి నిలుస్తుంది. అది మూడు చేతులు మారి ఉంటుంది. కొన్నవారికి మాత్రం అది కొత్తదే. దాని చక్రాల క్రింద కూడా నాలుగు నిమ్మకాయలు నలుగుతాయి.

ఈ వ్యాసం ఆ నాలుగు నిమ్మకాయల తరువాతి సంగతిని గురించి. పాతవ్యాను కొన్నవారికి ఏయే జబ్బులు ఎదురవుతాయి, ఒక్కొక్కదానికి ఎంత ఖర్చు, ఏది చిన్నది, ఏది పెద్దది అని మన సంఘ సభ్యులు పలువురు అడుగుతున్నారు. మేము మెకానిక్కులము కాము. తాలూకా కేంద్రంలో గుమాస్తాపని చేసుకొనేవారము. ఐతే గుమాస్తాకు ఒక అలవాటు ఉంటుంది: ఖర్చైన ప్రతి రూపాయినీ పుస్తకంలో వ్రాస్తాడు. మా యింటి వ్యాను పుస్తకం 2012 నుంచి ఉన్నది. దానిని దగ్గర పెట్టుకొనే ఇది వ్రాస్తున్నాము.

ముందు బండి పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. మారుతివారు చిన్నకారును 1983 డిసెంబరులో విడుదల చేసి, మరుసటి ఏడు 1984లో అదే 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజనుతో ఈ వ్యానును తెచ్చారు. 1988లో దానికి ఓమ్ని అని పేరు పెట్టారు. అంతకుముందు కుటుంబమంతా ఎక్కిపోయే బండి అంటే మనకు మాటడారే. అది సొంతానికి కొనగలవారు ఊరికొకరు. ఓమ్ని వచ్చాక కిరాణా అంగడివారు, పూలవారు, పెండ్లిళ్ళకు వంటచేసేవారు, బడిపిల్లలను దింపేవారు అందరూ వ్యాను యజమానులైనారు. 2019లో దీని తయారీ ఆపివేశారు. కొత్త భద్రతా నిబంధనలకు, పొగ నిబంధనలకు ఆ పాతశరీరాన్ని సరిపెట్టడం కుదరలేదు. కనుక ఇప్పుడు రోడ్డుమీద కనిపించే ఓమ్ని ఏదైనా పాతదే. అమ్మేవాడు “ఇంకా కొత్తదే స్వామీ” అంటే నవ్వి ఊరుకోవచ్చు.

మా బండి 2001 మోడలు, కార్బొరేటరు రకం. బంగారుగనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన సంవత్సరందే అన్నమాట. మేము, మా చిన్నాయనగారు, మా పెద్దన్నగారు మూడిండ్లవారము కలిసి 2012లో 62,000 రూపాయలకు కొన్నాము. పొలానికి, పెండ్లిండ్లకు, కాణిపాకానికి, తిరుపతికి అదే. మూడేండ్లనుంచి దానికి ఇంకొక పని పడింది. మా మేనత్తగారికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు కోలారులో రక్తశుద్ధి చేయించాలి. వంతు అక్కడ దొరికింది. పొద్దున ఆరున్నరకు అక్కడ ఉండాలి. ఆ వేళకు మా ఊరినుంచి బస్సు లేదు. ఒక్కవంతు తప్పితే కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది. అందుచేత “బండి లేస్తుందా లేదా” అన్న ప్రశ్న మా యింట్లో వేళాకోళపు ప్రశ్న కాదు.

ఇక జబ్బులు. అన్నిటికంటె ముందు చెప్పవలసినది వేడి.

ఈ వ్యానులో ఇంజను ముందు కూర్చునేవారి సీట్లక్రింద ఉంటుంది. చిన్న ఇంజను, పెద్దబరువు, దానికి చుట్టూ మూత. మూడు సిలిండర్లు ఎనిమిదిమందిని లాగుతూ నంగిలి దాటి ఎండలో పోతుంటే ముల్లు పైకెక్కుతుంది. ఇది దేశమంతటా ఉన్న సంగతే. మన కోలారు జిల్లాలో దానికి తోడు మరొక విషయం ఉన్నది, అది నీరు. మన బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. ఆ నీరు ఎంత కఠినమో మన ఆడవారికి తెలుసు. పప్పు ఉడకదు, గిన్నెకు తెల్లటి పెంకు కడుతుంది. ఆ గిన్నెకు కట్టిన పెంకే రేడియేటరు సన్నగొట్టాలలో కూడా కడుతుంది. గొట్టాలు సగం మూసుకుంటే నీరు తిరగదు, వేడి బయటికి పోదు. బోరునీరు పోసి పదేండ్లు తోలిన రేడియేటరును మా మేస్త్రీ విప్పి చూపించాడు. లోపల సున్నం కొట్టినట్టు ఉన్నది. వాననీరు పట్టిపెట్టుకొని పోయడం ఒక మార్గం. అంగట్లో కలిపి అమ్మే కూలెంటు పోయడం అంతకంటె మంచిది. లీటరుకు రెండుమూడు వందలు అవుతుంది. ఒక రేడియేటరు ఖర్చుతో పోలిస్తే ఏమంత కాదు.

వేడెక్కినప్పుడు వెతకవలసిన వరస ఒకటి ఉన్నది, అది చవకనుంచి ఖరీదుకు పోవాలి. మొదట నీరు ఉన్నదా, హోసులు పగిలినవా చూడాలి. తరువాత రేడియేటరు మూత. దాని రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలువదు, నీరు తొందరగా మరిగిపోతుంది. మూత వందా, నూటయాభై. తరువాత ఫ్యాను తిరుగుతున్నదా, దాని స్విచ్చి పనిచేస్తున్నదా. తరువాత థర్మోస్టాటు. ఆపైన వాటర్ పంపు. చిట్టచివరకు హెడ్ గాస్కెట్టు. ఐతే కొన్ని షెడ్లలో ఈ వరస తలక్రిందులుగా నడుస్తుంది. 2022 వేసవిలో మా బండి హైవేమీద ముల్లు ఎక్కి ఆగిపోయింది. దగ్గరలోని ఒక షెడ్డుకు తోయించుకొని పోయాము. అక్కడివాడు బానెట్టు కూడా పూర్తిగా ఎత్తకుండానే “హెడ్డు పోయింది సార్, తొమ్మిదివేలు, రెండురోజులు” అన్నాడు. మా పెద్దన్నగారు ఒప్పుకోక ములబాగిలులోని మా మేస్త్రీకి ఫోను చేశారు. ఆయన టి.వి.ఎస్. బండిమీద వచ్చి, ఫ్యాను తీగెను నేరుగా బ్యాటరీకి తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. “ఫ్యాను బాగుంది, స్విచ్చి చచ్చింది” అన్నాడు. స్విచ్చి 350 రూపాయలు, ఆయన రాకకు 200. తొమ్మిదివేలు ఐదువందల యాభైకి దిగింది.

గాస్కెట్టు నిజంగా పోయినప్పుడు గుర్తులు వేరే ఉంటాయి. ఇంజను నడుస్తుండగా రేడియేటరు నీటిలో బుడగలు ఆగకుండా వస్తాయి. ఆయిలు పోసే మూతకు లోపల వెన్నవంటి తెల్లని జిగురు అంటుకొని ఉంటుంది. వెనుకనుంచి తెల్లటి ఆవిరిపొగ వస్తుంది. ఇవి ఉంటే హెడ్డు విప్పవలసినదే. గాస్కెట్టు ధర నాలుగైదు వందలకు మించదు. ఖర్చంతా కూలిలోను, వంగిన హెడ్డును లేత్ షాపులో చదును చేయించడంలోను ఉంటుంది. ఆయిలు, కూలెంటు కలుపుకొని అయిదారు వేలు. ముల్లు ఎర్రగీత చేరినా “ఊరు దగ్గరేగదా” అని తోలితే ఆ హెడ్డు పూర్తిగా వంగి, ఇరవైవేల పనికి దారి తీస్తుంది. వేడిమీద రేడియేటరు మూత విప్పరాదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఐనా చెప్పుతున్నాము, ఏటా ఎవరో ఒకరు ముఖం కాల్చుకుంటున్నారు.

రెండవది కార్బొరేటరు. పొద్దున చలికి బండి లేవదు, లేచినా దగ్గుతుంది, సిగ్నలు దగ్గర ఆగిపోతుంది. పాతటాంకు అడుగున తుప్పు, మన్ను చేరి జెట్లలో అడ్డుపడుతుంది. పాయింటు ఉన్న పాతరకాల్లో పాయింటు కాలిపోవడం, కండెన్సరు పోవడం కూడా ఉన్నది. ప్లగ్గులు మూడు, పాయింటు, కండెన్సరు, ఫిల్టరు అన్నీ కలిపి మార్చినా వెయ్యి, పన్నెండువందలు. కార్బొరేటరు విప్పి పెట్రోలులో కడిగి, కిట్టు వేసి బిగించడానికి మరొక వెయ్యి. ఎర్రమట్టి రోడ్లమీద తిరిగే మనబండ్లకు గాలి ఫిల్టరు పట్టణంవారికంటె రెండింతలు తొందరగా మూసుకుంటుంది. దానిని నెలకొకసారి విప్పి దులుపుకుంటే మెకానిక్కు ముఖం చూడనక్కరలేదు.

ఇక్కడ ఒక కొత్త సంగతి. పెట్రోలులో ఇథనాలు కలపడం మన దేశంలో క్రమంగా పెంచి 2025 నాటికి నూటికి ఇరవైవంతులకు తెచ్చారు. 2023 తరువాత వచ్చిన బండ్లను దానికి తగినట్టు చేశారు. మన 2001 నాటి బండిని తయారుచేసినవారు అటువంటి పెట్రోలును కలలోనైనా తలచలేదు. ఇథనాలు పాతరబ్బరును మెత్తబరచి ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పాతబండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని ప్రభుత్వంవారే 2025 ఆగస్టులో చెప్పారు. మా మేస్త్రీ దానికి ముందే మా పెట్రోలు గొట్టాలను, కార్బొరేటరు రబ్బర్లను మార్పించాడు. అన్నీ కలిపి 1,900 రూపాయలు. ఈ పని వాయిదా వేయదగింది కాదు. వేరే కార్లలో పెట్రోలు గొట్టం కారితే రోడ్డుమీద కారుతుంది. ఈ బండిలో వేడి ఇంజను మీద, అదీ మనం కూర్చున్న సీటు క్రింద కారుతుంది. పెట్రోలు వాసన వస్తే బండి ఆపి దిగి చూడవలసిందే. కిటికీ తెరిచి పోనిచ్చేది కాదు.

గ్యాసును గురించి కూడా ఒక మాట. అనుమతి ఉన్న కిట్టు పెట్టించి, రిజిస్ట్రేషను పుస్తకంలో వ్రాయించుకొని తోలితే దోషం లేదు. వంటగ్యాసు సిలిండరును వెనుక పండుకోబెట్టి తోలేవారు ఇంకా ఉన్నారు. దానికి చట్టం ఒప్పదు, ఇన్సూరెన్సు రాదు. అటువంటి వ్యానులో బడిపిల్లలను పంపే తల్లిదండ్రులు ఒకసారి వెనుకసీటు క్రిందికి తొంగిచూడవలెనని మా మనవి.

క్లచ్చుది పెద్దకథ కాదు. గేరు వేసేటప్పుడు గీరుతుంది, ఎత్తులో ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు. ముందు కేబులు బిగించి చూడాలి, అది పోయి ఉంటే మూడునాలుగు వందలతో పోతుంది. ప్లేటు అరిగితే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్చడం మంచిది; ఎందుకంటే దించి ఎక్కించే కూలి ఒకటే. మాకు 2023లో సామానుకు 2,850, కూలికి 1,250, వెరసి 4,100 అయింది. మనవాళ్ళలో కొందరికి ఎప్పుడూ క్లచ్చుమీద పాదం ఆనించి తోలే అలవాటున్నది. మా చిన్నాయనగారి పేరు ఇక్కడ చెప్పడం లేదు.

బ్రేకుల విషయం మాత్రం తేలికగా తీసుకోరాదు. వీల్ సిలిండర్లు పాతబడితే లోపలి రబ్బరు కారుతుంది. కారిన బ్రేకు ఆయిలు షూలమీద పడుతుంది, బండి ఒకప్రక్కకు లాగుతుంది. పాదం పెట్టగానే పెడలు క్రిందికి మెత్తగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండరును అనుమానించాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం కలది. తేమ చేరిన ఆయిలు దిగుడులో వేడెక్కి ఆవిరి కట్టుతుంది, ఆ సమయానికి పెడలు నేలను తాకుతుంది. మొగిలి కనుమలో పలమనేరు వైపునుంచి చిత్తూరికి దిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బరువుతో ఉన్న పాతవ్యానును అక్కడ రెండవ గేరులో దించాలి గాని, న్యూట్రలు చేసి పెట్రోలు ఆదా చేద్దామనుకోరాదు. రెండేండ్లకొకసారి బ్రేకు ఆయిలు మార్చడానికి ఐదారు వందలు. నాలుగు చక్రాల షూలు, సిలిండర్లు, మాస్టరు కిట్టు అన్నీ చేయించితే మాకు 4,300 అయింది. ఈ పద్దులో బేరమాడి డూప్లికేటు సామాను కొనడం మేము ఒప్పుకోము.

కమాన్లు, జాయింట్లు. వెనుకవైపు కమాన్ కట్టలు ఉంటాయి. మన జిల్లా టొమాటోకు పేరుపడినది, పెట్టెకు పదిహేను కిలోలు. సీట్లు తీసివేసి ముప్పది పెట్టెలు ఎక్కిస్తే నాలుగున్నర క్వింటాళ్ళు, పైన ఇద్దరు మనుషులు. నాలుగు పంటలకు కమాను వెనక్కు వంగిపోతుంది. బండి కొనేటప్పుడు దూరంగా నిలబడి ప్రక్కనుంచి చూడండి; పిరుదు దిగి, ముక్కు లేచి ఉంటే అది కోలారు మార్కెట్టు చూసిన బండి. పలక జోడించి కమాన్ కట్టలు సరిచేయించడానికి మాకు రెండువైపులకు 3,400 అయింది. ముందువైపు బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు వదులైతే అరవై కిలోమీటర్ల వేగంలో స్టీరింగు వణుకుతుంది, టైర్లు ఒకప్రక్కనే అరుగుతాయి. వాటికి 3,200. పాత జాయింట్లు ఉంచుకొని కొత్త టైర్లు వేయడం తడిసిన గోడకు సున్నం వేయడమే. గేరు మార్చినప్పుడల్లా క్రింద ‘టక్కు’మని శబ్దం వస్తే వెనుకచక్రాలకు పోయే షాఫ్టు క్రాసులు అరిగినవని తెలుసుకోవాలి, అది వెయ్యిలోపలి పని.

ఇక అందరూ మరచిపోయేది తుప్పు. ఇంజనైనా మార్చవచ్చు గాని తుప్పుపట్టిన శరీరాన్ని మార్చలేము. జారుడు తలుపు నడిచే పట్టా, ముందు మనుషుల పాదాలక్రింది రేకు, జాకీ పెట్టేచోటు, ఈ మూడూ మొదట తింటుంది. కొనేవారు రబ్బరు చాపలు ఎత్తించి చూడాలి. జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకొని పోతే ఇంకా మంచిది. రేకుకు అంటుకుంటుంది; పుట్టీ పెట్టి రంగు వేసినచోట జారిపడుతుంది. అమ్మేవాని ముఖం కూడా అప్పుడే చూడాలి. మా బండికి 2024లో అడుగురేకు కోసి కొత్తది అతికించి, టింకరింగు, రంగు అన్నీ కలిపి 14,500 అయింది. పుస్తకంలో అదే పెద్దపద్దు. అది అందానికి చేసిన ఖర్చు కాదు. సైలెన్సరు గొట్టానికి చిల్లి, అడుగురేకుకు చిల్లి రెండూ ఉంటే పొగ లోపలికి వస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. అద్దాలన్నీ మూసుకొని తెల్లవారుజామున నిద్రపోతూ ప్రయాణం చేసే రోగి ఉన్న యింటివారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

తీగెల సంగతి పల్లెవారికి తెలిసినదే. వడ్లబస్తాల ప్రక్కన బండి నిలిపితే ఎలుకలు తీగెలు కొరుకుతాయి. పొగాకు కట్ట పెట్టడం, నాఫ్తలీన్ ఉండలు కట్టడం అన్నీ చేశాము. చివరకు పిల్లిని పెంచినాము. దాని పాలఖర్చు కూడా వ్యాను పద్దులో వ్రాయమని మా వదినగారు అన్నారు, వ్రాయలేదు.

షెడ్డుకు పోయేవారికి భాష కూడా కొంత తెలియాలి. ములబాగిలు షెడ్లలో మాట తెలుగు, లెక్క కన్నడం, సామాను పేర్లు ఇంగ్లీషు, కోపం ఉర్దూ. ఏ భాషలోనైనా మూడు మాటలు అడగండి: పాత సామాను నా చేతికి ఇవ్వు, కొత్త సామాను డబ్బా చూపించు, కూలి వేరుగా వ్రాయి. మంచి మేస్త్రీ దీనికి కోపగించుకోడు. ఓమ్ని తయారీ ఆగి ఏండ్లు గడచినా, దాని ఇంజను చిన్నమారుతి కారుకు చుట్టమే కనుక తిరిగే సామానుకు కొరత లేదు. బెంగుళూరు జె.సి. రోడ్డులో దొరకనిది తక్కువ. తలుపు సామాను, అద్దాల రబ్బర్ల వంటివే తగ్గిపోతున్నాయి. వాటికి గుజరీ అంగళ్ళు తిరగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాలమీద జి.ఎస్.టి. 28 నుంచి 18కి దిగింది. బిల్లు తీసుకొనేవారికే ఆ లాభం కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. 2023, 2024, 2025 మూడేండ్లలో మా పుస్తకం ప్రకారం క్లచ్చు 4,100, రేడియేటరు శుభ్రం, హోసులు 2,650, కార్బొరేటరు, గొట్టాలు 1,900, బ్రేకులు 4,300, టైర్లు నాలుగు 9,600, బ్యాటరీ 3,900, ముందు జాయింట్లు 3,200, కమాన్లు 3,400, అడుగురేకు, టింకరింగు 14,500, చిల్లర రిపేర్లు, ఆయిళ్ళు 6,450. మొత్తం 54,000. అంటే నెలకు 1,500. ఇన్సూరెన్సులో తప్పనిసరియైన మూడవపక్షం భాగం వెయ్యి సి.సి. లోపలి కార్లకు 2022 జూనులో 2,094 రూపాయలుగా నిర్ణయించారు, పన్ను వేరే.

“ఈ బండి కొన్న ధరంతా రిపేర్లకే పోయింది, అమ్మేద్దాం” అన్నారు మా చిన్నాయనగారు. ఆయన మాటలో తప్పులేదు. 62,000కు కొన్న బండికి మూడేండ్లలో 54,000 పెట్టడం ఎవరికైనా ఎక్కువగానే కనిపిస్తుంది. ఐతే పోల్చవలసినది కొన్న ధరతో కాదని మా అభిప్రాయం. బండి లేకపోతే ఏమవుతుందో దానితో పోల్చాలి. మా ఊరినుంచి కోలారుకు పోయి, నాలుగుగంటలు నిలిచి రావడానికి బాడుగకారు 1,600 అడుగుతున్నారు. నెలకు ఎనిమిది సార్లంటే 12,800. మా వ్యానుకు రానుపోను ఎనభై కిలోమీటర్లు, లీటరుకు పదమూడు వస్తుంది, పెట్రోలు ఖర్చు 640. ఎనిమిది సార్లకు 5,120. రిపేర్ల 1,500, ఇన్సూరెన్సు వంతు రెండువందల చిల్లర కలిపినా ఏడువేలు దాటదు. నెలకు ఇంచుమించు ఆరువేలు మిగులుతున్నది. కాగితం మీద లెక్క చూచి చిన్నాయనగారు ఒక నిమిషం ఊరుకొని, “ఐతే ఇంజను పొగ సంగతి ఏమప్పా?” అన్నారు.

అసలు చిక్కు అదే. 2025 చలికాలంనుంచి బండి పొద్దున లేవగానే నీలిపొగ వదలుతున్నది. నీలిపొగ అంటే ఆయిలు కాలుతున్నదని అర్థం. ఒకరు “రింగులు పోయినవి, బోరు చేయాలి, 28,000” అన్నారు. అంతే ఐతే మా చిన్నాయనగారి మాటే గెలిచేది, ఎందుకంటే ఆ బండిని అమ్మితే నలభైవేలు కూడా రావు. మా మేస్త్రీ తొందరపడలేదు. మూడు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడిగడియారం పెట్టి చూశాడు. మూడూ ఇంచుమించు సమంగా ఉన్నాయి. ఆ పైన ఆయన చెప్పినది చదువరులు గుర్తుపెట్టుకోదగినది. రాత్రంతా నిలిచిన బండి లేవగానే నీలిపొగ వదలి, రెండునిమిషాలకు మానితే తప్పు వాల్వు సీళ్ళది. రాత్రి ఆయిలు వాటిగుండా బొట్టుబొట్టుగా జారి సిలిండరులోకి దిగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఎడతెగక నీలిపొగ వస్తే తప్పు రింగులది. మాది మొదటిరకం. సీళ్ళు చిన్న రబ్బరుముక్కలు. అన్నిటికి కూలితో కలిపి 4,500 అని ఒప్పుకున్నాడు. పని ఆదివారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం రాత్రికి ముగించాడు, మంగళవారం మేనత్తగారి వంతు కనుక. మంగళవారం నాలుగున్నరకు బండి లేచింది, పొగ లేదు. ఆమె ఎక్కి కూర్చొని, “ఈ బండికి రక్తశుద్ధి ఒక్కసారే చేస్తే చాలునా?” అన్నారు.

కాగితాల సంగతి చెప్పి ముగిస్తాము. సొంతకారు రిజిస్ట్రేషను పదిహేనేండ్లకు తీరుతుంది, ఆపైన అయిదేండ్లకొకసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. మాకు 2016లో ఒకసారి, 2021లో ఒకసారి అయింది. 2021లో రుసుము 600 మాత్రమే. 2022 ఏప్రిల్ నుంచి దానిని 5,000 చేశారు. 2025 ఆగస్టులో, ఇరవైయేండ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మా బండికి 2026లో ఆ పదివేలే. గడువు దాటితే నెలకు 500 అపరాధం. ఫారం 25తో గడువుకు ముందే పోవాలి. బ్రేకులు, దీపాలు, హారను చూస్తారు, ఛాసిస్ నంబరు చూస్తారు. తుప్పులో ఆ నంబరు కనబడక తిరిగివచ్చినవారున్నారు. పోయేముందు కిరసనాయిలుతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది చూసుకోవడం మంచిది. పొగ సర్టిఫికెట్టు కూడా దగ్గరుండాలి.

సరిహద్దులో ఉన్నాము కనుక ఇంకొక మాట. పలమనేరు, చిత్తూరు వైపు బండి అయిదారువేలు చవుకగా దొరుకుతున్నదని మనవారు కొని తెస్తున్నారు. పరరాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. దానికి అక్కడి కచేరినుంచి ఫారం 28లో అభ్యంతరం లేదని పత్రం కావాలి. అప్పుమీద కొన్న బండియైతే అప్పు తీరినట్టు ఫారం 35 కూడా. అమ్మినవాడు ఫారం 29, 30 మీద సంతకం పెట్టి మాయమైతే తరువాత వెతకడం కష్టం. ఆ అయిదారువేల చవుక పన్నులోనే పోతుందేమో ముందు కచేరిలో అడిగి తెలుసుకొనేది మేలు.

మూడిండ్లవారము కూర్చొని 2026 రిజిస్ట్రేషనుకు ఇంటికి 3,500 చొప్పున తీసిపెట్టినాము. మిగిలే ఐదువందలు కిరసనాయిలుకు, దీపాలకు. ఒక్కపని మాత్రం ఇంకా కాలేదు. ఎడమవైపు జారుడు తలుపు క్రిందిరోలరు అరిగిపోయి, మేనత్తగారు ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టి లాగవలసి వస్తున్నది. జె.సి. రోడ్డులో రెండుసార్లు అడిగినాము, డూప్లికేటువి పదిరోజులకే పగిలిపోయాయి. చదువరులలో ఎవరి పెరట్లోనైనా మూలబడిన ఓమ్ని ఉండి, ఆ రోలరు బాగుంటే, ధర వ్రాసి సంఘ కార్యాలయానికి ఒక కార్డు పంపవలెనని కోరుతున్నాము.